పెద్దటీచరు చెవిలో పడ్డ గొంతు

పోయిన వారం చిలకమ్మను అద్దం ముందు వదిలి వచ్చాం. శుక్రవారం సాయంత్రం. చేతిలో నీలం కవరు, దాని మూతికి తడి ఆరని జిగురు. విప్పి చూద్దామని ఒక మనసు, వద్దని ఇంకో మనసు. చివరికి విప్పలేదు. అందులో ఏముందో తనకు తెలుసుననే ధీమా. ఆ వాక్యం తనే చెప్పి, పక్కన కూర్చుని ఆయన చేత రాయించింది మరి. రాస్తుండగా పొయ్యి మీద పాలు పొంగితే ఒక్క నిమిషం లేచి వెళ్ళింది. అంతే.

ఆయన అంటే ఒకప్పటి చిన్నబావ. పదకొండేళ్ళపాటు రోజూ సాయంత్రం ఏడింటికి ఇంటింటికీ వచ్చి, సొంత అన్నను మేడ మెట్ల మీదనుంచి తోసి, వదినకు పిచ్చిదని ముద్ర వేయించి, అరగంటలో వెళ్ళిపోయిన టీవీ సీరియల్ విలన్. ఆయనకు కూరగాయలు తూచొద్దని ఆడవాళ్ళు కొట్టువాడి తక్కెడ పట్టుకున్న రోజులున్నాయి. ఆ మనిషే సీరియల్ వదిలేసి, మూడేళ్ళు దేవుడి చదువు చదివి, పాత ఫర్నిచర్ షాపులో నడిచే చిన్న ప్రార్థన మందిరానికి బోధకుడై వచ్చాడు. సంఘంవాళ్ళు అయ్యగారంటారు. నోరు జారితే చిన్నబావగారంటారు. ఏడాది గడువు మీద వచ్చాడు, ఆ ఏడాది ఈ ఆదివారంతో సరి. ఇవాళ పరీక్ష. నెగ్గితే మందిరం ఆయనది, వెనకనున్న రెండు గదుల ఇల్లు వాళ్ళది. తప్పితే సామాను సర్దుకోవడమే.

ఇక చిలకమ్మ. ఆ పేరు సెట్లో పెట్టింది. రోజుకు పన్నెండు సీన్లు తీసే చోట డైలాగులు కంఠతా పట్టే తీరిక ఎవరికుంటుంది. కెమెరా పక్కన స్టూలు వేసుకుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఆమె మాట అందిస్తుంది. అర ఊపిరి వెనకగా నటుడు ఆ మాటే అంటాడు. తర్వాత డబ్బింగు గదిలో ఆమె గొంతు తుడిచేస్తారు. పదకొండేళ్ళు పొద్దస్తమానం మాట్లాడింది, ఒక్క ఇంట్లోనూ వినపడలేదు. విన్నవాడు చిన్నబావ ఒక్కడే. విని పెళ్ళి చేసుకున్నాడు.

సంఘంలో ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ఆ పద్ధతి ఇప్పటికీ ఆగలేదు. ప్రసంగం ఆమె రాస్తుంది. ఆదివారం ఆయన వేదిక మీద నిలబడితే, వెనక మెరూన్ రంగు తెర చాటున ఆమె స్టూలు మీద కూర్చుని చిన్న మైకులో అందిస్తుంది. ఆయన చెవిలో శనగగింజంత రిసీవరు.

ఇంకొక్క మాట గుర్తు పెట్టుకోండి. ఆ శుక్రవారానికి మూడు రోజుల ముందు, మంగళవారం మధ్యాహ్నం చిలకమ్మ ఒక్కతే ఎక్కడికో వెళ్ళి, పొద్దువాలే వేళకు వాచిన కళ్ళతో వచ్చింది. ఎక్కడికని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర.

హాల్లో కుర్చీలు బరబరా లాగుతున్నారు. ఎప్పుడూ అరవై మంది వచ్చే చోట అప్పటికే నూట ఇరవై. నిలబడేవాళ్ళు గోడకానుకుని నిలబడ్డారు. కిటికీ బయట ఎవరో సైకిలెక్కి మరీ తొంగిచూస్తున్నారు. చిన్నబావకు పరీక్షట అని ఊరంతా పాకింది. దేవుడి మీద ఆసక్తి లేనివాళ్ళకు కూడా చిన్నబావ మీద ఉంది.

చిలకమ్మ వేదిక వెనక చిన్నగదిలో మైకులో బ్యాటరీలు మారుస్తోంది. తలుపు తోసుకుని పెద్దటీచరు వచ్చింది. చటుక్కున మైకు మీద తువ్వాలు కప్పింది చిలకమ్మ.

పెద్దటీచరుకు డెబ్భై ఆరేళ్ళు. సంఘంలో సగం మందికి పలకా బలపం పట్టించిన మనిషి. ఆవిడ వస్తుంటే ఇప్పటికీ యాభై ఏళ్ళవాళ్ళు చొక్కా గుండీలు సరిచూసుకుంటారు. ఇవాళ ఓటు వేసే ఐదుగురు పెద్దల్లో ఆవిడ ఒకరు.

ఆవిడ తలుపు వేసి, గడియ పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దాచకు అమ్మాయ్. మంచి బ్యాటరీలు వెయ్యి. పోయిన నెల రెండో ఆదివారం పాతవి వేశావు. గరగరమని సగం ప్రసంగం నాకు అందలేదు."

చిలకమ్మ చెయ్యి తువ్వాలు మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

"మీకు... ఏం అందలేదండీ?"

పెద్దటీచరు చెవి వెనక వేలు పెట్టి వినికిడి మిషను చూపించింది. "మా మనవరాలు కొనిపెట్టింది. దీనికో మీట ఉంది. ఫోన్ మాట్లాడేటప్పుడు వేసుకుని, అయ్యాక తీసెయ్యాలట. వెయ్యడం గుర్తుంటుంది, తియ్యడం గుర్తుండదు. తొమ్మిది నెలల కిందట ఓ ఆదివారం ముందు వరసలో కూర్చున్నానా, చెవిలో ఆడగొంతు. 'నిన్ను మర్చిపోయానని ఎవరు చెప్పారు నీకు' అంది. ఒక్క క్షణం ఆగి అయ్యగారు అదే మాటన్నారు."

"టీచరుగారూ, నేను చెప్పేది..."

"ముందు నేను చెప్పేది విను. ఊహ తెలిసినప్పటినుంచీ దేవుణ్ణి ఒక్క మాట మాట్లాడవయ్యా అని అడుగుతున్నాను. ఇన్నాళ్ళకు మాట్లాడాడనుకున్నాను. ఆడగొంతుతో మాట్లాడతాడనుకోలేదు గానీ, పోనీలే, ఆయన ఇష్టం అని సర్దుకున్నాను. నాలుగు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసలిదానికి మతి పోయిందంటారు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని అందరికంటే ముందొచ్చి కూర్చున్నాను."

"మరి ఐదో వారం?"

"ఐదో వారం ఆ గొంతు 'రుమాలు తియ్యండి, ముక్కు కాదు, నుదురు తుడుచుకోండి' అంది. దేవుడికి ఈయన ముక్కుతో పనేమిటా అని అప్పుడొచ్చింది అనుమానం."

చిలకమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గోడ పట్టుకుంది.

"అంటే ఎనిమిది నెలలనుంచి తెలుసు మీకు. ఎందుకు బయటపెట్టలేదండీ?"

"వింటున్నాను గనక. ప్రతి మాటా రెండేసి సార్లు. ముందు నువ్వన్నది, తర్వాత ఆయనన్నది." పెద్దటీచరు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ముందుదే బాగుంటుంది."

పదకొండేళ్ళు తుడిచేసిన గొంతు. ఆ గొంతు బాగుందన్న మాట ఇవాళ పొద్దున, చీపుర్లూ పాత పాటల పుస్తకాలూ పెట్టుకునే ఈ గదిలో, మొదటిసారి చెవిన పడింది. అదీ తనను పట్టుకున్న మనిషి నోట.

"సంతోషపడకు, అవ్వలేదింకా," అంది పెద్దటీచరు, దిద్దుబాటు చేసే పంతులమ్మ గొంతుతో. "ఇవాళ మాత్రం కుదరదు. చీటీల పెట్టె ఎందుకు పెట్టారో తెలుసుగా."

తెలుసు. ఆ సంఘంలో పరీక్షంటే ప్రసంగం కాదు. సభ్యులందరూ తలా ఒక ప్రశ్న చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. పెద్దల తరఫున వచ్చిన పెద్దయ్యగారు ఒకటి తీసి చదువుతాడు. నిలబడ్డ మనిషి కాగితం లేకుండా, గడువు అడగకుండా, అక్కడికక్కడే జవాబు చెప్పాలి. అది అయ్యాక ఆ మనిషికి కూడా ఒక హక్కుంది. ముందుగా నీలం కవరులో రాసి ఇచ్చిన ఒక్క ప్రశ్న సంఘంలో ఎవరినైనా అడగొచ్చు. వాళ్ళు లేచి నిలబడి జవాబివ్వాలి. అందరూ మాటవరసకు 'నా తప్పులు ఓర్చుకుంటారా' అని పెద్దవాళ్ళలో ఒకరిని అడుగుతారు. చిలకమ్మ కూడా అదే రాయించింది, పెద్దటీచరు పేరు మీద.

"ఇవాళ ఆయన చెవిలో ఒక్క మాట పడిందా, నా చెవిలోనూ పడుతుంది. లేచి నిలబడి అందరికీ చెప్పేస్తాను. ఆయన సొంతంగా నెగ్గితే నా ఓటు ఆయనకే. తడబడితే ఇంటికే."

"ఆయనకు మాటలు రావు గానీ మనసు మంచిదండీ టీచరుగారూ. రాత్రింబవళ్ళు జనం కోసమే..."

"మనసు మంచిదైతే మనుషులకు కనపడకుండా పోదు. ఇంకోటి. ఆయన తప్పితే ఆ స్థానానికి నీ పేరు చెబుతాను."

"నా పేరా? నేను మాటలు అందించేదాన్నండీ. బోధ నాకేం తెలుసు."

"ఎనిమిది నెలలనుంచి నాకు బోధ చేస్తున్నదెవరు మరి?" ఆవిడ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "మాటలు అందించడానికీ బోధించడానికీ తేడా ఏమిటో ఆలోచించి పెట్టుకో. అడుగుతాను."

గడియ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తేడా చిలకమ్మకు తెలియకపోలేదు. ఏ మాట దగ్గర ఆగితే జనం కళ్ళు తుడుచుకుంటారో ఆమెకు బాగా తెలుసు. అది పనితనం. తను మాత్రం ఎన్నడూ తుడుచుకోలేదు. ఆయన తెల్లవారుజామున మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంటే ఆమె అటు తిరిగి పడుకునేది.

కోటు కోసం ఆయన గదిలోకి వచ్చాడు. ఆరడుగుల మనిషి, సీరియల్లో మెట్ల మీదనుంచి దిగుతుంటే ఊరంతా వణికిన మనిషి. కోటు చేతిలోకి చెయ్యి దూర్చబోయి రెండుసార్లు తప్పాడు.

"ఏమండీ, టీచరుగారికి తెలిసిపోయింది."

"ఏది?"

"అంతా. ఆవిడ మిషన్లో నా గొంతు వినపడుతోందట. ఇవాళ నేను ఒక్క మాటన్నా లేచి చెప్పేస్తుందట. నేను మాట్లాడను. మీరే చెప్పుకోవాలి."

సెట్లో ఒక్క డైలాగు ఆలస్యమైతే ఆయనకు చొక్కా తడిసేది. ఇప్పుడు కంగారు పడతాడని మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆయన గ్లాసు తీసుకుని సగం తాగి ఆమెకే ఇచ్చాడు.

"నువ్వు తాగు. నీ పెదాలు ఎండిపోయాయి. ఆ గింజ ఇలా తే."

"పెట్టుకున్నా ఏమీ వినపడదండీ."

"ఉండనీ, అలవాటు." చెవిలో పెట్టుకున్నాడు. "నువ్వు తెర వెనకే ఉంటావుగా?"

"ఉంటాను."

"చాలు చిలకా."

ఈయనకు ఇంత నిబ్బరం ఎక్కడిదా అని ఆమె ఆలోచించేలోపు పాట మొదలైంది.

తెరకు సన్నటి చీలిక ఉంది. స్టూలు మీద కూర్చుంటే అందులోంచి వేదిక, ముందు వరస, పెద్దటీచరు. ఆవిడ కూర్చోగానే చెవి వెనక వేలు పెట్టి మీట నొక్కింది. నొక్కి, సూటిగా తెరవైపు చూసింది.

పెద్దయ్యగారు, తెల్లగడ్డం, బక్కపలచటి మనిషి, చెక్కపెట్టె బల్ల మీద పెట్టి రెండుసార్లు కుదిపాడు. చెయ్యి పెట్టి కలియబెట్టి ఒక చీటీ తీశాడు.

"బేకరీ ఆవిడ రాసింది," అని చదివాడు. "'అయ్యగారూ, వారం వారం మీ మాటలు అంత గొప్పగా ఉంటాయి. మా ఆయన పోయిన రోజు మా ఇంటికొచ్చి రెండు గంటలున్నారు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎందుకని?'"

హాలంతా ఒక్కసారి కదిలి సద్దుమణిగింది. మూడో వరసలో బేకరీ ఆవిడ తల దించుకుంది.

ఆ రోజు ఆయన వెళ్ళింది చిలకమ్మకు తెలుసు. అక్కడేం చేశాడో ఆమె అడగలేదు. కానీ జవాబు మాత్రం వెంటనే నాలుక మీదికి వచ్చి కూర్చుంది. తయారుగా, గుండ్రంగా, ముత్యంలా. 'ఆ దుఃఖం ముందు నా మాట ఎంతమ్మా. అందుకే దేవుణ్ణే మాట్లాడనిచ్చాను.' ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టే విరామం. హాల్లో ఒక్క కన్ను పొడిగా ఉండదు. బొటనవేలు మైకు బొత్తాం మీదికి దానంతటదే వెళ్ళింది.

ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. మెడ వెనక చెమట చుక్క కాలరులోకి జారడం చీలికలోంచి కనపడింది. ఒకటి. రెండు. మూడు. ఆ మూడు దాటితే డైరెక్టర్ కట్ అనేవాడు. నాలుగు, ఐదు, ఆరు. ఎవరో దగ్గారు. తొమ్మిది, పది. చిలకమ్మ మైకును ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టి, కాలితో దూరంగా తోసేసింది.

"ఎందుకంటే," అన్నాడాయన. గొంతు బొంగురుపోయింది. సర్దుకోలేదు. "ఎందుకంటే... నాకు రాదమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, సిగ్గుపడుతూ.

"నిజంగానే రాదు. మీ ఇంటికొచ్చేటప్పుడు దారంతా వెతుక్కున్నాను. గుమ్మంలోకి వచ్చేసరికి మీరు గోడకానుకుని కూర్చున్నారు. ఒక్కటీ దొరకలేదు. లోపల రాత్రి కలిపిన పిండి పొంగి గిన్నె దాటి బల్ల మీద పడుతోంది. ట్రేలు అలాగే ఉన్నాయి. అవి కడిగాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తప్పయితే క్షమించండి."

బేకరీ ఆవిడ పిలవకుండానే లేచింది. "తప్పని రాయలేదు అయ్యగారూ. ఆ రోజు వచ్చినవాళ్ళందరూ మాట్లాడారు. ఎవరేం అన్నారో ఒక్కటీ గుర్తులేదు. మర్నాడు ట్రేలు చూసుకున్నాను. ఇరవై రెండు, తుడిచి బోర్లించి ఉన్నాయి. ఎందుకు మాట్లాడలేదో తెలుసుకుందామని రాశాను, అంతే." అని కూర్చుంది.

ఇక నవ్వినవాళ్ళెవరూ లేరు. పెద్దటీచరు చెయ్యి చెవి దగ్గరనుంచి కిందికి దిగింది.

అక్కడితో ఆగి ఉంటే నెగ్గేవాడే. పెద్దయ్యగారు పెట్టె మూత వేయబోతున్నాడు కూడా. కానీ చిన్నబావ చెవిలోంచి ఆ గింజ తీసి, మైకు పక్కనే బల్ల మీద పెట్టాడు. టక్కున చప్పుడు హాలంతా వినపడింది.

"ఇంకో సంగతి. ఆదివారం మీరు విన్న మాటలు నావి కావు. ఇందులో చెబితే విని, నేను మీకు చెప్పాను."

పెద్దల్లో ఒకడైన దర్జీ సగం లేచాడు. "అంటే ఎలాగండీ, సీరియల్లో లాగానా?"

"సీరియల్లో లాగానే."

తేనెతుట్టె కదిపినట్టయింది. ఏడాదిపాటు మమ్మల్ని మోసం చేశారా అని ఒకరు, ముందు పూర్తిగా విననివ్వండయ్యా అని ఇంకొకరు, కిటికీ బయట సైకిలు మనిషి ఏమైందేమైందని. పెద్దయ్యగారు పెట్టెను బల్లకేసి నాలుగుసార్లు కొట్టాల్సి వచ్చింది.

"చెప్పిందెవరు?" అన్నాడు గడ్డం నిమురుకుంటూ.

"మీ చేతి కింద ఉందండీ. శుక్రవారమే రాసి అతికించాను."

నీలం కవరు. శుక్రవారమంటే టీచరు బెదిరించకముందే. పాలు పొంగిన ఆ ఒక్క నిమిషం.

పెద్దయ్యగారు కవరు చించి, కళ్ళద్దాలు పైకి నెట్టి చదివాడు. "'ఈ ప్రశ్న నా భార్యకు. ఆమె తెర వెనక ఉంటుంది. ఇంట్లో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. చిలకా, నువ్వు నా చెవిలో చెబితేనే నేను నిలబడగలిగాను. నువ్వు చెప్పిన దేవుణ్ణి నేను నమ్మాను. నువ్వు నమ్ముతున్నావా?'"

నూట ఇరవై తలలు ఒక్కసారి తెరవైపు తిరిగాయి. చిలకమ్మ కదల్లేదు. ముందు వరసలోంచి పెద్దటీచరు లేచి, మెట్లు రెండూ ఎక్కి, తెర అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇత్తడి రింగులు గలగలమని ఆ చివరికి వెళ్ళిపోయాయి.

స్టూలు, నేల మీద మైకు, ఒళ్ళో కాగితాలు, చిలకమ్మ. పదకొండేళ్ళు కెమెరాకు ఇవతల కూర్చున్న మనిషి మీద పొద్దుటి వెలుతురు పడింది.

"లేచి నిలబడమ్మా," అన్నాడు పెద్దయ్యగారు, మెత్తగానే. "నియమం అది."

లేచింది. కాగితాలు జారి చెల్లాచెదురయ్యాయి. అలవాటుగా పక్కకు చూసింది, మాట అందించేవాళ్ళ కోసం. పక్కన ఎవరూ లేరు. ఎదురుగా ఆయన, తడిసిన కాలరుతో, ఆమె నోటివైపే చూస్తూ. ఈసారి తిరిగి చెప్పడానికి కాదు, వినడానికి.

"నమ్మలేదండీ," అంది చిలకమ్మ.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెద్దటీచరు చేతిలో తెర అంచు నలిగింది.

"రాసిన మాట ఒక్కటీ నమ్మలేదు," అంది మళ్ళీ, ఈసారి వెనక గోడ దాకా వినపడేట్టు. "పోయిన మంగళవారం దాకా."